బహిరంగ స్థలాల కార్యక్రమాల వల్ల ఎవరికెంత మేలు జరిగిందో కొలవడం ఎలా?

హైదరాబాద్‌లో 2021 ఆగస్టు చివర్లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం 5 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా వాహనాలను ఆపి, రోడ్డును నడిచేవారికి వదిలిపెట్టడం మొదలైంది. ‘సండే ఫన్‌డే’గా పేరుపడ్డ ఆ ఏర్పాటుకు వచ్చిన ఆదరణ చూసి, అదే ఏడాది అక్టోబరులో చార్మినార్ దగ్గర కూడా ఆదివారం సాయంత్రాలు అటువంటి కార్యక్రమమే నడిపారు. వీటికి ముందు గురుగ్రామ్‌లో 2013 నవంబరులో రాహ్‌గిరి పేరుతో ఇటువంటిదే మొదలైంది. ఇంకా వెనక్కి వెళితే, కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి సిక్లోవియా పేరుతో ఆదివారాలు, సెలవు రోజుల్లో పెద్ద రోడ్లను సైకిళ్ళకు, పాదచారులకు అప్పగిస్తున్నారు.

మీ ఊళ్ళో చెరువు కట్ట మీదో, బజారు వీధిలోనో, కాలనీ పార్కులోనో ఇటువంటి కార్యక్రమం మొదలుపెట్టాలనుకున్నా, నడుస్తున్నది ఆగిపోకుండా కాపాడుకోవాలనుకున్నా, ఏదో ఒక రోజు కమిషనర్ గారి ముందో, వార్డు సభలోనో ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. ‘దీనివల్ల ఎవరికి ఏం ఒరిగింది?’ అని అడుగుతారు. వేలమంది వచ్చారని చెబితే అది జవాబు కాదు. వచ్చిన వారిలో ఎందరు ఎలాగూ ఇంకో పార్కుకు వెళ్ళేవారే, బజ్జీల బండికి పెరిగిన గిరాకీలో ఖర్చులు పోగా మిగిలిందెంత, దారి మళ్ళించిన రోడ్డులో చిక్కుకున్నవారు ఎంతసేపు నష్టపోయారు అన్నవి తేలితేనే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ లెక్క తీయడానికి పెద్ద కన్సల్టెన్సీ అవసరం లేదు. ఎనిమిది, పది మంది ఓపికగల మనుషులు, కొన్ని అట్టలు, పెన్నులు, ఒక ఎక్సెల్ షీటు ఉంటే చాలు. ఈ వ్యాసంలో ట్యాంక్‌బండ్ లాంటి చోటును మనసులో పెట్టుకొని ఆ పద్ధతిని మొదటి నుంచి వివరిస్తున్నాను. లెక్కల్లో వాడిన అంకెలు పద్ధతి అర్థం కావడానికి వేసుకున్న ఉదాహరణలు మాత్రమే. మీ చోటి అంకెలను మీరే సేకరించుకోవాలి.

మొదటి మెట్టు: ఎవరి మేలు, ఎంత పరిధిలో అన్నది రాసి పెట్టుకోండి

పని మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి. మీరు కొలవబోయే హద్దు ఏది, ఏ కాలానికి కొలుస్తున్నారు, ఎవరి దృష్టి నుంచి కొలుస్తున్నారు. ఇందులో మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక కుటుంబం మామూలుగా తమ కాలనీ చివర తినే మిర్చి బజ్జీని ఈ ఆదివారం కట్ట మీద తిన్నదనుకోండి. కట్ట మీది వ్యాపారి దృష్టిలో అది లాభం, కాలనీ వ్యాపారి దృష్టిలో నష్టం, నగరం మొత్తం దృష్టిలో చేతులు మారిన డబ్బు. మీరు చూస్తున్నది ఆ వీధినా, నగరాన్నా అన్నది ముందే తేల్చుకోకపోతే చివర్లో అంకెలు మీకు నచ్చిన వైపుకు జారిపోతాయి. ప్రజాధనం ఖర్చవుతున్న కార్యక్రమమైతే నగరం దృష్టి నుంచే ప్రధాన లెక్క వేసి, వీధి లెక్కను దాని పక్కన విడిగా చూపడం న్యాయమని నా అభిప్రాయం.

రెండో మెట్టు: కార్యక్రమానికి ముందే కొలవండి

చాలాచోట్ల జరిగే తప్పు ఇక్కడే ఉంది. ప్రారంభోత్సవం అయ్యాక, ఫొటోలు పత్రికల్లో వచ్చాక, ఎవరికో లెక్క కావాలన్న ఆలోచన వస్తుంది. అప్పటికి పాత పరిస్థితి ఎలా ఉండేదో చెప్పే ఆధారం మిగలదు. కనుక కార్యక్రమానికి కనీసం నెల ముందు నుంచి, అదే గంటల్లో, కనీసం మూడు ఆదివారాలు ఆ చోటును కొలిచి ఉంచండి. ఎంతమంది ఉన్నారు, ఏం చేస్తున్నారు, ఎన్ని బండ్లు ఉన్నాయి, వ్యాపారులకు ఎంత మిగులుతోంది అన్నవన్నీ అందులో ఉండాలి.

దీనితో పాటు ఒక పోలిక స్థలాన్ని కూడా ఎంచుకోండి. కార్యక్రమం జరగని, మిగతా విషయాల్లో మీ చోటును పోలిన మరో వీధిని లేదా పార్కును అదే రోజుల్లో, అదే పద్ధతిలో కొలవాలి. పోలిక స్థలం మరీ దగ్గరగా ఉండకూడదు. ట్యాంక్‌బండ్‌కు నెక్లెస్ రోడ్డును పోలికగా పెడితే, అక్కడి జనమే ఇక్కడికి వస్తారు గనుక ఇక్కడ పెరుగుదల, అక్కడ తగ్గుదల రెండూ కనిపించి, మేలు రెట్టింపుగా తోస్తుంది. అందుకని నెక్లెస్ రోడ్డును పోలిక కోసం కాక, జనం ఎక్కడి నుంచి తరలివచ్చారో తెలుసుకోవడానికి కొలవండి.

పోలిక స్థలం ఎందుకంత అవసరమో ఒక ఉదాహరణ చెబుతాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అటువంటి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. ఈ తేదీలకు అటూ ఇటూ కొలిచి, మా కార్యక్రమం వల్ల మహిళలు ఎక్కువగా వస్తున్నారని చెబితే, అందులో ఉచిత బస్సు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. పోలిక స్థలంలో కూడా మహిళలు అంతే పెరిగి ఉంటే ఆ పెరుగుదలలో మీ కార్యక్రమానికి పాత్ర లేదని, అక్కడ కొద్దిగా, ఇక్కడ బాగా పెరిగి ఉంటే ఆ తేడానే మీ వాటా అని తేలుతుంది.

న్యూయార్క్ నగర రవాణా శాఖ 2012లో ఈ పద్ధతినే వాడింది. మాన్‌హాటన్‌లోని తొమ్మిదో అవెన్యూలో సైకిళ్ళకు రక్షణతో కూడిన ప్రత్యేక దారి వేసిన భాగంలో స్థానిక దుకాణాల అమ్మకాలు 49 శాతం దాకా పెరిగాయనీ, అదే కాలంలో మాన్‌హాటన్ మొత్తం మీద పెరుగుదల 3 శాతమేననీ అమ్మకపు పన్ను వివరాల ఆధారంగా చూపింది. 49 అన్న అంకెకు విలువ వచ్చింది పక్కనున్న 3 వల్లనే. మన దగ్గర వీధి వ్యాపారుల్లో అత్యధికులు జీఎస్టీ పరిధిలోకి రారు గనుక అటువంటి పన్ను వివరాలు మనకు దొరకవు. ఆ పని మనం మనుషులతో మాట్లాడి చేయవలసిందే. దాన్ని కొంచెం ముందుకు వెళ్ళాక వివరిస్తాను.

పండుగలు, పరీక్షలు, వానలు కూడా గుర్తు పెట్టుకోండి. వినాయక నిమజ్జనం, సద్దుల బతుకమ్మ వేళల్లో ట్యాంక్‌బండ్ మీద, రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర ఉండే జనం ఏ కార్యక్రమం పెట్టినా, పెట్టకపోయినా ఉంటారు. ఆ వారాల అంకెలు విడిగా రాసుకోండి, సగటులో కలపకండి.

మూడో మెట్టు: జనాన్ని లెక్కపెట్టడం

ఒక చివర నిలబడి వచ్చేవారిని లెక్కపెడితే సరిపోతుందని తోస్తుంది. చెరువు కట్ట లాంటి చోట అది పనిచేయదు. ఒకే మనిషి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడుస్తాడు, పిల్లవాడి బెలూన్ కోసం మళ్ళీ వెనక్కి వస్తాడు, అతడే నాలుగుసార్లు లెక్కలోకి ఎక్కుతాడు. అందుకు బదులు గంటకొకసారి చుట్టివచ్చే పద్ధతిని వాడండి. స్థలాన్ని నాలుగైదు భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ఇద్దరేసి చొప్పున నియమించి, ప్రతి గంటలో ఒకే సమయానికి ఆ క్షణంలో అక్కడ ఉన్న వారందరినీ లెక్కించమనండి. ఒకరు లెక్కపెడుతూ చెబుతుంటే రెండోవారు రాయాలి. నడక వేగంగా, ఒకే దిశలో సాగాలి. ఎదురొచ్చినవారిని, కూర్చున్నవారిని లెక్కలోకి తీసుకోవాలి, వెనుక నుంచి దాటిపోయినవారిని వదిలేయాలి.

ఇలా 5:30, 6:30, 7:30, 8:30, 9:30 గంటలకు తీసిన లెక్కలు వరుసగా 600, 1,400, 2,100, 1,700, 700 అనుకుందాం. వీటి మొత్తం 6,500. ఒక్కో లెక్క ఒక్కో గంటకు ప్రతినిధి గనుక, ఆ సాయంత్రం జనం అక్కడ గడిపిన సమయం సుమారు 6,500 మనిషి-గంటలు. సగటున ఒక్కొక్కరు గంటా పావు ఉంటున్నారని తెలిస్తే, 6,500ను 1.25తో భాగించి, సుమారు 5,200 మంది వచ్చారని చెప్పవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని నిర్లక్ష్యం చేయకండి. ఎంతసేపు ఉన్నారన్న ప్రశ్నను కట్ట మధ్యలో తిరిగేవారిని అడిగితే, మూడు గంటలు ఉండేవారే మీకు ఎక్కువగా తగులుతారు, పావుగంటలో వెళ్ళిపోయేవారు తగలరు. దాంతో సగటు పెరిగి, వచ్చినవారి సంఖ్య తగ్గిపోతుంది. ఆ ప్రశ్నను బయటికి వెళ్ళే దారుల దగ్గర, వెళ్ళిపోతున్నవారినే అడగాలి.

లెక్క తీసేటప్పుడే మనుషులను వర్గాలుగా రాసుకోండి. పార్కుల్లో జనాన్ని పరిశీలించడానికి అమెరికాలో రూపొందిన సోపార్క్ అనే పద్ధతిలో ఆడ, మగ తేడా, వయసు, కదలిక అన్న వర్గాలతో నమోదు చేస్తారు. కూర్చున్నారా, నడుస్తున్నారా, గట్టిగా ఒళ్ళు అలిసేలా ఆడుతున్నారా అన్నది అందులో కదలిక కింద రాసే విషయం. మనకు దానికి తోడు మరో రెండు గడులు కావాలి. మొదటిది, మహిళ ఒంటరిగా ఉన్నారా, తోటి మహిళలతో ఉన్నారా, కుటుంబంతో ఉన్నారా అన్నది. రెండోది, కూర్చొని ఉన్నారా, దాటి వెళ్తున్నారా అన్నది.

ఈ రెండు గడుల మీద ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మన పట్టణాల్లో చీకటి పడ్డాక ఒక మహిళ ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, కాసేపు ఊరికే కూర్చోగల చోట్లు చాలా తక్కువ. రాత్రి 8:30కి తీసిన లెక్కలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు గట్టు మీద కూర్చొని కబుర్లు చెప్పుకుంటూ కనబడితే, అది మొత్తం హాజరు అంకె కన్నా పెద్ద సమాచారం. గంటగంటకూ మహిళల శాతం ఎలా మారుతోందో గీత గీసి చూడండి. ఏ గంట దగ్గర ఆ గీత ఒక్కసారిగా పడిపోతుందో, ఆ గంటకు ఏం మారుతోందో వెళ్ళి చూడండి. చివరి బస్సు వెళ్ళిపోతోందా, ఒక వైపు దీపాలు సరిగా లేవా, మరుగుదొడ్డికి తాళం వేస్తున్నారా, తాగినవారు చేరుతున్నారా? కారణం దొరికితే దాన్ని సరిదిద్ది, మళ్ళీ కొలవవచ్చు. కొలత వల్ల నేరుగా కలిగే మేలు ఇటువంటిదే.

నాలుగో మెట్టు: వచ్చినవారితో మాట్లాడటం

ఎవరిని అడగాలన్నది మీ ఇష్టానికి వదిలేస్తే, నవ్వుతూ ఎదురొచ్చేవారినే అడుగుతారు. కనుక ఒక గీత అనుకొని, దాన్ని దాటే ప్రతి పదో మనిషిని అడగాలన్న నియమం పెట్టుకోండి. వారు కాదంటే ఆ సంగతి రాసుకొని, తర్వాతి పదో మనిషి కోసం ఆగండి. 100 మందిని అడిగితే శాతాలు సుమారు 10 పాయింట్లు అటూ ఇటూ ఉండవచ్చు. 400 మందిని అడిగితే ఆ తేడా 5 పాయింట్లకు తగ్గుతుంది. నెల రోజుల్లో నాలుగు ఆదివారాలు వందేసి మందిని అడగడం ఒకే రోజు నాలుగు వందల మందిని అడగడం కన్నా మేలు. మహిళలను మహిళలే అడగాలి. హైదరాబాద్ లాంటి చోట తెలుగు, ఉర్దూ, హిందీ మూడింటిలోనూ ప్రశ్నలు సిద్ధంగా ఉండాలి. పేరు, ఫోన్ నంబరు అడగవద్దు, వాటితో మీకు పని లేదు. పెద్దలు పక్కన లేని పిల్లలను ప్రశ్నించవద్దు.

ప్రశ్నలు ఏడెనిమిది దాటకూడదు. వాటిలో ఒకటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడనిది. ‘ఈ సాయంత్రం ఇక్కడ ఈ కార్యక్రమం లేకపోతే మీరు ఎక్కడ ఉండేవారు, ఏం చేస్తుండేవారు?’ అన్నది ఆ ప్రశ్న. ఇంట్లో టీవీ ముందు ఉండేవాళ్ళం, మాల్‌కు వెళ్ళేవాళ్ళం, ఇందిరా పార్కుకు వెళ్ళేవాళ్ళం, ఎలాగూ ఇక్కడికే వచ్చేవాళ్ళం అంటూ రకరకాల జవాబులు వస్తాయి. నూటికి 40 మంది ఎలాగూ ఇక్కడికో, ఇలాంటి మరో చోటికో వెళ్ళేవారేనని తేలితే, పై ఉదాహరణలోని 6,500 మనిషి-గంటల్లో కార్యక్రమం కొత్తగా తెచ్చినవి 3,900 మాత్రమే. నివేదికలో పెద్ద అంకెను వేయాలన్న ఒత్తిడి ఉంటుంది. ఈ చిన్న అంకెనే నమ్మకంగా నిలబెట్టుకోగలరు గనుక దాన్నే వేయండి.

మిగతా ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చారు, ఎలా వచ్చారు, రావడానికి ఎంత ఖర్చయింది, ఇక్కడ ఎంత ఖర్చు పెట్టారు, కొత్తవారితో ఎవరితోనైనా మాట్లాడారా, ఎన్నింటికి వెళ్ళిపోదామనుకుంటున్నారు, ఎందుకు అన్నవి.

రానివారిని అడగడం చాలామంది మరిచిపోతారు. కట్టకు నడిచి రాగల దూరంలో ఉన్న బస్తీలో, ఒక అపార్టుమెంటులో, ఒక వృద్ధాశ్రమంలో ముప్పై నలభై మందిని ఎందుకు రావడం లేదని అడగండి. చక్రాల కుర్చీ ఎక్కే వాలు లేకపోవడం, రోడ్డు దాటడానికి భయం, ఆ చోటు మన లాంటివాళ్ళది కాదన్న భావన, ఆదివారం కూడా పనికి పోవలసి రావడం వంటి కారణాలు వచ్చినవారిని ఎన్ని వేల మందిని అడిగినా బయటపడవు.

ఐదో మెట్టు: వ్యాపారుల మిగులును లెక్కగట్టడం

ఆర్థిక ప్రయోజనంలో అసలైన ముక్క ఇదే గనుక దీనికి సమయం కేటాయించండి. ముందుగా బండ్లన్నిటినీ రకాలవారీగా లెక్కపెట్టండి. మొక్కజొన్న కంకులు, బజ్జీలు, మురమురాలు, ఐస్‌క్రీం, బొమ్మలు, చాయ్ అంటూ రాసుకొని, కార్యక్రమానికి ముందు ఉన్నవారెవరు, తర్వాత వచ్చినవారెవరు, ముందు ఉండి తర్వాత కనబడకుండా పోయినవారెవరు అన్నవి విడివిడిగా నమోదు చేయండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు కనీసం ఐదేళ్ళకొకసారి వ్యాపారుల సర్వే చేయాలి, పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ సర్వే జాబితా దొరికితే పని సులువవుతుంది, కమిటీ సభ్యులు తోడుంటే మాట సాగుతుంది.

రోజుకు ఎంత సంపాదిస్తారు అని అడగకండి. ఆ ప్రశ్న వినగానే పన్ను, మామూళ్ళు, బండి తీయించేయడం అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి, సరైన జవాబు రాదు. సరుకు గురించి అడగండి. ఈ పొద్దున ఎన్ని కంకులు తెచ్చారు, ఎంతకు తెచ్చారు, ఇప్పుడు ఎన్ని మిగిలాయి అని అడిగితే, తన పని గురించి ఎవరైనా చెప్పే మాటలే గనుక సంకోచం ఉండదు. గిరాకీ తగ్గిన వేళ, ఒక కంకి కొనుక్కొని, నిలబడి మాట్లాడాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మామూలు ఆదివారం ఒకామె 50 కంకులను ఒక్కొక్కటి 30 రూపాయలకు అమ్ముతుంది. చేతికి 1,500 వస్తాయి. కంకికి 12 చొప్పున కొనుగోలు 600, బొగ్గులకు 100 పోగా మిగిలేది 800. కార్యక్రమం ఉన్న ఆదివారం 120 కంకులు అమ్ముడవుతాయి. చేతికి 3,600 వస్తాయి. కొనుగోలు 1,440, బొగ్గులు 150, ఒక్కరి వల్ల కాక పెట్టుకున్న సహాయకుడి కూలి 400 పోతే మిగిలేది 1,610. అమ్మకం పెరిగింది 2,100 రూపాయలు, ఆమెకు నిజంగా పెరిగిన మిగులు 810 రూపాయలు. నివేదికలో రాయవలసింది ఈ 810. మామూలు ఆదివారం ఆమె ఇంకో చోట బండి పెట్టేదైతే, ఆ చోటి మిగులునే తీసివేయాలి, సున్నాను కాదు. సహాయకుడికి ఇచ్చిన 400 సంగతి వేరుగా చూడాలి. ఆ సాయంత్రం అతడికి వేరే పని లేకపోయి ఉంటే ఆ కూలి కూడా కార్యక్రమం తెచ్చిన మేలే, వేరే చోట 300 వచ్చేవైతే మేలు 100 మాత్రమే.

ఈ లెక్కలోకి రాని కొన్ని సంగతులను కూడా అడిగి తెలుసుకోండి. పెట్టుబడికి గిరిగిరి అప్పు (రోజువారీ వసూలు చేసే ప్రైవేటు అప్పు) తెస్తున్నారా, రోజువారీ వడ్డీ ఎంత పోతోంది, వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి రుణం అందిందా, జాగా కోసం ఎవరికైనా డబ్బు కట్టవలసి వస్తోందా? పెరిగిన మిగులు వ్యాపారి ఇంటికి చేరుతోందో, దారిలోనే ఇంకొకరి జేబులోకి పోతోందో ఈ జవాబులే చెబుతాయి. వ్యక్తులను గుర్తుపట్టగలిగేలా ఈ వివరాలను ఎక్కడా రాయకండి, మీ నివేదిక వల్ల ఒక్క బండి కూడా ఇబ్బందిలో పడకూడదు.

సుందరీకరణ పేరుతో ఎత్తివేసిన బండ్ల మాటేమిటి? వారిని వెతికి పట్టుకోవడం కష్టమే అయినా, ముందు కొలతలో మీరు రాసుకున్న జాబితా ఉంటుంది గనుక తోటి వ్యాపారుల ద్వారా ఆచూకీ తీయవచ్చు. కొత్తగా వచ్చిన ఫుడ్ ట్రక్కుల లాభాన్ని రాసి, వెళ్ళగొట్టబడిన పల్లీల బండి నష్టాన్ని వదిలేసిన లెక్క అబద్ధపు లెక్కే.

మొత్తాలు వేయడానికి సగటును వాడండి. మామూలు వ్యాపారి పరిస్థితి చెప్పడానికి మాత్రం, మిగులుల వరుసలో సరిగ్గా మధ్యన ఉన్నవారి అంకెను వాడండి. ఒక పెద్ద ఐస్‌క్రీం బండి సగటును పైకి లాగి, అందరూ బాగుపడ్డారన్న భ్రమ కలిగించగలదు. చుట్టుపక్కల దుకాణాల్లో బిల్లింగ్ యంత్రం ఉంటే ఆదివారపు బిల్లుల సంఖ్యను, రూపాయల్లో కాకపోయినా ముందు వారాలతో పోల్చి శాతంగానైనా, ఇవ్వమని కోరండి.

ఆరో మెట్టు: ఖర్చులు, నష్టాలు

బారికేడ్లు, దీపాలు, వేదిక, పోలీసు సిబ్బంది గంటలు, పారిశుద్ధ్య కార్మికుల అదనపు షిఫ్టు, ఇవన్నీ ఖర్చులే. ఎవరి జీతం ఏ ఖాతా నుంచి వచ్చినా, ఆ గంటల్లో వారు చేయలేకపోయిన పని ఒకటి ఉంటుంది. రాత్రి పదింటి తర్వాత కాగితపు ప్లేట్లు ఊడ్చే కార్మికురాలికి ఆ పనికి అదనపు కూలి, ఇంటికి వెళ్ళడానికి బండి అందుతున్నాయా అని తప్పకుండా అడగండి. అందకపోతే, నగరం పొందిన ఆహ్లాదంలో కొంత ఆమె చెమటతో ఉచితంగా వచ్చిందని అర్థం. దాన్ని నివేదికలో ఆ మాటతోనే రాయాలి.

దారి మళ్ళింపు వల్ల కలిగే ఆలస్యాన్ని కొలవడం సులువు. ట్యాంక్‌బండ్ మూసినప్పుడు వాహనాలు లోయర్ ట్యాంక్‌బండ్, కవాడిగూడ వైపు మళ్ళుతాయి. ఇద్దరు బైకు మీద ఆ దారిలో, మూసివేత లేని ఆదివారం ఒకసారి, ఉన్న ఆదివారం ఒకసారి, అవే గంటల్లో పలుమార్లు తిరిగి, పట్టిన సమయం రాసుకోవాలి. సాయంత్రం మొత్తంలో 3,000 వాహనాలు ఒక్కొక్కటి 6 నిమిషాలు ఆలస్యమయ్యాయనుకుంటే అది 300 గంటలు. వాహనానికి సగటున ఒకరున్నర మనిషి చొప్పున 450 మనిషి-గంటలు. పైన తేలిన 3,900 పక్కన దీన్ని పెట్టి చూపిస్తే, రూపాయల్లోకి మార్చకుండానే విషయం చదివేవారికి అందుతుంది. అయితే ఇరుక్కుపోయిన గంటను, విహరించిన గంటను సమానంగా తూచలేం. ఆసుపత్రికి వెళ్ళే అంబులెన్సుకు ఆరు నిమిషాలు ఆలస్యమైతే దానికి ఈ పట్టికలో చోటు లేదు. అందుకు దారి వదలడం నిర్వాహకుల బాధ్యత, లెక్కల విషయం కాదు. ఆలస్యాన్ని రూపాయల్లో అడిగితే, రహదారుల ఆర్థిక విశ్లేషణ కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన ఐఆర్‌సీ ఎస్‌పీ 30 మార్గదర్శకంలో ప్రయాణ సమయపు విలువలు ఉన్నాయి.

ఏడో మెట్టు: ఆరోగ్యం, గాలి, చప్పుడు

ఆరోగ్య ప్రయోజనం గురించి జాగ్రత్తగా మాట్లాడండి. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికొకసారి అరగంట నడక అందులో కొంత భాగమే తీరుస్తుంది, అదీ ప్రతి వారం వచ్చేవారికే. 2012లో వెలువడిన ఒక అధ్యయనం బొగోటా సిక్లోవియా మీద పెట్టిన ప్రతి డాలరుకు 3.23 నుంచి 4.26 డాలర్ల వైద్య ఖర్చు ఆదా అవుతుందని అంచనా వేసింది. అదే అధ్యయనంలో శాన్‌ఫ్రాన్సిస్కోకు 2.32, మెక్సికోలోని గ్వాడలహారాకు 1.02 నుంచి 1.23 మాత్రమే వచ్చాయి. ఒకే తరహా కార్యక్రమాల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, బొగోటా అంకెను తెచ్చి మన వీధికి అంటించడం తగదు. క్రమం తప్పకుండా వచ్చేవారు ఎందరు, వారు అదనంగా నడిచిన నిమిషాలెన్ని అన్నంతవరకు చెప్పి ఆగడం మంచిది.

గాలి నాణ్యతకు చవక సెన్సర్లు వాడితే, మూసివేతకు ముందు, ఆ సమయంలో, ఆ తర్వాత అని ఒకే పరికరంతో పోల్చి చెప్పండి. మళ్ళింపు రోడ్డు పక్కన కూడా ఒకటి పెట్టండి, అక్కడ గాలి పాడైతే అదీ లెక్కే. చప్పుడుకు ఫోన్ యాప్ పోలిక వరకు పనికొస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 తర్వాత 45 డెసిబెల్స్ పరిమితి ఉందని గుర్తుంచుకొని, వేదిక దగ్గరి ఇళ్ళవారిని ఒక మాట అడగండి.

ఎనిమిదో మెట్టు: రూపాయల్లోకి మార్చడం

అన్నిటినీ డబ్బులోకి మార్చవలసిన పనిలేదు. మేలు వైపు మార్చగలిగినవి మూడే. మొదటిది వ్యాపారుల పెరిగిన మిగులు. 60 మంది వ్యాపారులకు సగటున 600 రూపాయల చొప్పున, వానలు, ఇతర కారణాలతో రద్దయినవి పోగా ఏడాదికి 40 ఆదివారాలు నడిచిందనుకుంటే అది 14,40,000 రూపాయలు. ఇందులో కాలనీ వ్యాపారుల నుంచి తరలివచ్చిన గిరాకీ వాటాను తీసివేస్తేనే నగరం లెక్క వస్తుంది. ఇందుకు సందర్శకులను అడిగిన ‘లేకపోతే ఎక్కడ ఉండేవారు’ అన్న ప్రశ్నే ఆధారం. రెండోది అదనపు కూలి. మూడోది సందర్శకులు పొందిన ఆనందపు విలువ. దీనికి 1947లో హెరాల్డ్ హోటెలింగ్ అమెరికా జాతీయ ఉద్యానాల కోసం సూచించిన ప్రయాణ ఖర్చు పద్ధతి ఉంది. టికెట్టు లేని చోటికి రావడానికి జనం చార్జీల రూపంలో, సమయం రూపంలో ఎంత పెడుతున్నారో చూస్తే, ఆ చోటును కనీసం అంత విలువైనదిగా వారు భావిస్తున్నారని అర్థం. దూరం నుంచి వచ్చేవారు, దగ్గరివారు ఎంత తరచుగా వస్తున్నారో పోల్చి దీన్ని అంచనా కడతారు. ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థి ఒకరు తోడుంటే ఇది చేయండి, లేకపోతే మనిషి-గంటలతో ఆగిపోండి.

ఒకే మేలును రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. సందర్శకులు పెట్టిన ఖర్చును ఒక ప్రయోజనంగా, దాని నుంచే వచ్చిన వ్యాపారి మిగులును ఇంకో ప్రయోజనంగా కూడకూడదు. చుట్టూ అద్దెలు పెరిగితే దాన్ని కూడా మేలుగా చూపే అలవాటు ఉంది. ఇంటి యజమానికి అది రాబడి, అద్దెకున్నవారికి భారం. అందుకని అద్దెల మార్పును కూడికలో కలపక, ఎవరిపై ఎంత పడిందో విడిగా రాయండి.

చివరి మెట్టు: రాయడం, మళ్ళీ కొలవడం

నివేదిక నాలుగైదు పేజీలు దాటకూడదు. మొదటి పేజీలో ఒక పట్టిక వేయండి. సందర్శకులు, వ్యాపారులు, వెళ్ళగొట్టబడిన వ్యాపారులు, కార్మికులు, మళ్ళింపు దారిలో ప్రయాణించినవారు, చుట్టుపక్కల నివాసులు, మున్సిపాలిటీ అంటూ ఒక్కో వరుసలో ఒక్కో వర్గాన్ని పెట్టి, వారికి కలిగిన మేలు, కీడు, ఎంత నమ్మకంతో చెబుతున్నారు అన్నవి రాయండి. అంకెలను ఒకే సంఖ్యగా కాక, ఇంత నుంచి ఇంత అన్న పరిధిలో చూపండి. లెక్క తీసిన రోజులు, గంటలు, అడిగినవారి సంఖ్య, కాదన్నవారి సంఖ్య వెనుక పేజీలో ఉండాలి, అనుమానం ఉన్నవారు మళ్ళీ వేసి చూసుకోగలగాలి. తెలుగులో రాసిన ప్రతిని వ్యాపారుల సంఘానికి, పారిశుద్ధ్య కార్మికులకు, ట్రాఫిక్ పోలీసులకు ఇచ్చి, తమ వరుస సరిగా ఉందో లేదో చెప్పమనండి. వారు చెప్పిన దిద్దుబాట్లు చేశాకే కమిషనర్‌కు సమర్పించండి.

మొదటి నెలల్లో కొత్తదనం వల్ల వచ్చే జనం తర్వాత తగ్గుతారు. కనుక ఆరు నెలలకు ఒకసారి, ముందు కొలత తీసిన నెలలోనే ఏడాదికి మరోసారి, అవే ప్రశ్నలతో, అవే భాగాల్లో కొలవండి. మొదటిసారి లెక్క తీసినవారిలో కనీసం ఇద్దరు రెండోసారి కూడా ఉండేలా చూసుకోండి. అట్టల మీద రాసిన అసలు కాగితాలను స్కాన్ చేసి, తేదీలతో భద్రపరచండి.